గుహల మనిషి నోర్బేర్ కాస్తరేని గుర్తు చేసుకుందాం

తులూజ్ తెలుగు | అక్టోబరు 19, ఉదయం 9:12

సభ్యులందరికీ నమస్కారం. ఈరోజు ఫ్రెంచి గుహాన్వేషకుడు నోర్బేర్ కాస్తరే పుట్టినరోజు. 1897లో ఫ్రాన్సు దక్షిణాన, గారోన్ నది ఒడ్డున ఉన్న సేన్‌-మార్తొరీ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. 1987 జులై 20న తులూజ్‌లో కన్నుమూశారు. ఉద్యోగరీత్యా నేను ఉంటున్నదీ ఈ తులూజ్‌లోనే. ఇక్కడ పాత తరం వాళ్ళకు ఆయన పేరు చెబితే చాలు, కళ్ళు మెరుస్తాయి. మన వేదికలో గుహల గురించి ఇన్ని చర్చలు జరిగినా ఈయన ప్రస్తావన ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ చర్చా దారం మొదలుపెడుతున్నాను.

ఆయన చదివింది న్యాయశాస్త్రం. పురావస్తు శాస్త్రంలో పట్టా లేదు, ఏ విశ్వవిద్యాలయంలోనూ పదవి లేదు. చిన్నప్పటి నుంచి గుహలంటే పిచ్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, బతికి ఇంటికొచ్చి, మళ్ళీ గుహల్లోనే దూరాడు. మంచి ఈతగాడు, పరుగు పందేల మనిషి. ఆ ఒంటి సత్తువనంతా భూమి కిందే ఖర్చుపెట్టాడు.

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది మోంతెస్పాన్ గుహతో. 1922 ఆగస్టు. మోంతెస్పాన్ ఊరి దగ్గర కొండలోంచి ఒక వాగు బయటికి వస్తుంది. ఆ వాగు వెంట లోపలికి కొంత దూరం పోతే గుహ కప్పు కిందికి దిగి నీళ్ళలో మునిగిపోతుంది. ఎవరు వెళ్ళినా అక్కడే ఆగి వెనక్కి తిరిగేవాళ్ళు. కాస్తరే బట్టలు విప్పి, గుండె నిండా గాలి పీల్చుకుని, ఆ చీకటి నీళ్ళలో మునిగాడు. వేళ్ళతో పైకప్పును తడుముకుంటూ ముందుకు పోతే, కాసేపటికి తల నీళ్ళ పైకి తేలింది. గాలి ఉంది, వెలుతురు లేదు. అక్కడ అటూ ఇటూ తిరిగితే దిక్కు తప్పుతుందని గ్రహించి, వచ్చిన వైపుకే మళ్ళీ మునిగి బయటపడ్డాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కొవ్వొత్తులూ, ఈతగాళ్ళు తలకు పెట్టుకునే రబ్బరు టోపీలో చుట్టిన అగ్గిపెట్టే వెంట ఉన్నాయి. నీటి అవతల తడి చేతులతో ఆ టోపీ విప్పి, అగ్గిపుల్ల గీసి, కొవ్వొత్తి వెలిగించాడు. ఒక్క పుల్ల తడిసినా ఆ చీకట్లో ఏమయ్యేదో ఊహించండి. ముందుకు పోతే అలాంటి నీటి అడ్డంకి మరొకటి. దాన్నీ దాటాడు. చివరికి మనిషి పట్టనంత ఇరుకు దారి దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఆ ప్రయాణంలో దొరికింది ఒకే ఒక్క వస్తువు: అడవిదున్న జాతికి చెందిన బైసన్ పన్ను.

ఆ పన్నే ఆయన్ను మరుసటి వేసవిలో మళ్ళీ అక్కడికి రప్పించింది. ఆ కథ రాత్రికి రాస్తాను.

---

నల్లమల నడక | అక్టోబరు 19, ఉదయం 10:40

చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది అండి. వందేళ్ళ కిందట, కొవ్వొత్తి వెలుగులో, ఒంటరిగా! ఇప్పుడు మన దగ్గర తలకు కట్టుకునే లైట్లు, తాళ్ళు, హెల్మెట్లు అన్నీ ఉన్నా బెలుం గుహల్లో టికెట్టు కొని నడిచే దారి దాటి ఒక్క అడుగు వేయడానికి జంకుతాం. ధైర్యమంటే అది. మిగతా కథ కోసం ఎదురుచూస్తున్నాను.

---

బేతంచెర్ల మాస్టారు | అక్టోబరు 19, మధ్యాహ్నం 1:25

మంచి దారం. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. నాపరాళ్ళ గనుల పక్కన గవులు ఎన్నో ఉన్నాయి. సెలవు వస్తే కుర్రాళ్ళు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వాటిలోకి దూరుతున్నారు. ఇంట్లో చెప్పరు, తాడు ఉండదు, వర్షాకాలమా ఎండాకాలమా అన్నది కూడా చూడరు. బడిలో పనిచేసినంత కాలం ఈ భయంతోనే గడిపాను.

కాస్తరే చేసిన పనిలో గొప్పతనం ఉందని ఒప్పుకుంటాను. కానీ ఒంటరిగా మునగడాన్నే గొప్పగా చెప్పుకుంటే పిల్లలకు వెళ్ళే పాఠం వేరు. ఆయన బతికి బయటపడ్డారు కాబట్టి మనం ఈరోజు తలుచుకుంటున్నాం. అలాగే మునిగి తేలనివాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. గుహలోకి ముగ్గురి కన్నా తక్కువ పోకూడదు, మనిషికి మూడు దీపాలు ఉండాలి, ఎప్పుడు తిరిగొస్తామో బయట ఒకరికి చెప్పి పోవాలి. ఈ మూడూ చెప్పిన తర్వాతే ఆ ఈత కథ చెప్పండి.

---

తులూజ్ తెలుగు | అక్టోబరు 19, రాత్రి 11:50

మాస్టారూ, మీ మాట శిరోధార్యం. అయితే ఆయన కళ్ళు మూసుకుని దూకలేదన్నది కూడా చెప్పాలి. నీటి ముందు నిలబడి చాలాసేపు ఆలోచించారు. వాగు ప్రవహిస్తోందంటే లోపల ఎంతో దూరం దారి ఉండాలి. మంచుయుగంలో వాతావరణం చల్లగా, పొడిగా ఉండేది కాబట్టి ఈరోజు నీళ్ళు నిండిన చోటు అప్పుడు ఎండి ఉండవచ్చు, మనుషులు నడిచి పోయి ఉండవచ్చు. ఈ తర్కంతోనే ఆయన ముందుకు వెళ్ళారు. మొదటి రోజు దీపం లేని చీకట్లో తల తేలగానే ఆశపడి ముందుకు పోకుండా వెనక్కి తిరిగారు చూడండి, నాకు ఆ వెనక్కి తిరగడమే ఎక్కువ నచ్చుతుంది.

ఇక 1923. ఈసారి ఒంటరిగా కాదు, అన్రీ గోదాన్ అనే మిత్రుడు తోడు. ఇద్దరూ నీళ్ళ కింద నుంచి దాటి, కిందటేడు చూడని ఒక పక్క దారిలోకి తిరిగారు. అది ఎండిన బంకమట్టి దారి. కప్పు బాగా తక్కువ ఎత్తు, చాలా చోట్ల పాకాల్సిందే. కాస్తరే నేల మీది మట్టిని చిన్న పనిముట్టుతో తవ్వుతుంటే గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే మనిషి చెక్కిన చెకుముకి రాయి. కొవ్వొత్తి పైకెత్తి చుట్టూ చూశాడు. ఎదురుగా మట్టితో చేసిన ఎలుగుబంటి.

పొడవు 110 సెంటీమీటర్లు, ఎత్తు 60. ముందు కాళ్ళు చాచి నేలకు కరుచుకుని పడుకున్నట్టు ఉంటుంది. తల లేదు. విరిగిపోలేదు, అసలు చేయనే లేదు. మెడ కోసిన చోట నున్నగా ఉంది, మధ్యలో ఒక చిల్లు. ముందు కాళ్ళ మధ్య నేల మీద నిజమైన ఎలుగుబంటి పిల్ల పుర్రె పడి ఉంది. ఒక కర్రతో నిజమైన తలను ఆ మెడకు గుచ్చి ఉంటారని, కాలక్రమంలో కర్ర పుచ్చిపోయి పుర్రె కింద పడి ఉంటుందని కాస్తరే భావించారు. ఒంటి నిండా పొడిచిన గుంటలు. దాని వెనక గోడకు ఆనించి చేసిన సింహాల వంటి పెద్ద పిల్లి జాతి జంతువుల బొమ్మలు చాలావరకు కూలిపోయి ఉన్నాయి. గోడల మీద గుర్రాలు, బైసన్లు గీసి ఉన్నాయి.

అవి మాగ్దలేనియన్ కాలం నాటివి. మంచుయుగం చివరి నాళ్ళ వేటగాళ్ళ సంస్కృతి అది, సుమారు 17,000 నుంచి 12,000 ఏళ్ళ కిందటిది. ప్రపంచంలో మనకు తెలిసిన అతి పాత మట్టి విగ్రహాల్లో ఇవీ ఉన్నాయి.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇద్దరు కుర్రాళ్ళు అంత నిధి ముందు నిలబడి ఏం చేశారు? ముక్కలు పెరికి ఇంటికి తీసుకుపోలేదు, అమ్ముకోలేదు. తులూజ్‌లో ఉండే పండితుడు కౌంట్ బెగూఎన్‌కు కబురు పెట్టారు. 1912లో త్యూక్ దోదుబేర్ గుహలో మట్టి బైసన్లు దొరికినప్పుడు ఆయన కుమారులే కనిపెట్టారు, కాబట్టి అలాంటి బొమ్మల విలువ ఆయనకు తెలుసు. తెలిసిన వాళ్ళను పిలిచి, చూపించి, రాయించి, తర్వాత మళ్ళీ మరో గుహలోకి పోయాడు కాస్తరే. జీవితమంతా ఇదే పద్ధతి.

---

శిలాజాలు | అక్టోబరు 20, ఉదయం 8:05

చాలా బాగా రాశారు. నేను భూగర్భ శాస్త్రం వైపు మనిషిని. రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది ఆ గుంటల గురించి. మట్టి బొమ్మ మీద నిజమైన ఎలుగు తోలు కప్పి, వేటకు ముందు ఈటెలతో పొడిచే తంతు చేసేవారని బెగూఎన్, కాస్తరే ఇద్దరూ నమ్మారు. వేటకు సంబంధించిన మంత్రతంతు అన్న వివరణ ఆ కాలంలో చాలా బలంగా ఉండేది. తర్వాతి పరిశోధకులు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కారణం సూటిగానే ఉంది. ఆ కాలపు పొయ్యిల దగ్గర దొరికే ఎముకలు ఎక్కువగా చలి ప్రాంతపు జింక రెయిన్‌డీర్‌వి, గోడల మీద ఎక్కువగా కనిపించేవి గుర్రాలూ బైసన్లూ. తినేది ఒకటి, గీసేది మరొకటి అయినప్పుడు కేవలం వేట కోసమే గీశారనడం కష్టం. కాస్తరే ఇచ్చిన వివరణను మనం వదిలేసినా ఆయన చూసి రాసిన వివరాలు మాత్రం మిగిలే ఉంటాయి: చిల్లు ఎక్కడుంది, పుర్రె ఎక్కడ పడింది, గుంటలు ఎటు వైపు ఎక్కువ. ఔత్సాహికుడు శాస్త్రానికి ఇవ్వగలిగినది అదే, అది తక్కువేమీ కాదు.

రెండోది బైసన్ పన్ను. దాన్ని ఆయన వెంట తెచ్చుకున్నారు. ఆనాటి పద్ధతి అది. ఈరోజైతే పడి ఉన్న చోటనే ఫొటో తీసి, కొలిచి, అక్కడే వదిలేయమంటాం. ఏ పొరలో పడి ఉందన్నది తెలియకపోతే ఎముకకు సగం విలువ పోతుంది.

---

కాలువ గట్టు | అక్టోబరు 20, ఉదయం 11:30

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన వాడిని. కాస్తరే పేరు నాకు గుహల వల్ల కాదు, గారోన్ నది వల్ల తెలుసు. తులూజ్ గారు ఆ సంగతి రాస్తారేమో అని చూశాను. రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఫ్రాన్సు, స్పెయిన్‌ల మధ్య ఉన్న పిరనీస్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అనెతో, అది స్పెయిన్ వైపు ఉంది. దాని హిమానీనదం కరిగిన నీళ్ళు కొండ కింద ‘త్రూ ద్యు తోరో’ అనే గుంటలోకి దూకి మాయమవుతాయి. అవి ఎక్కడ తేలతాయి? అదే లోయలో కిందికి పారే ఎసెరా నదిలో తేలితే అవి ఎబ్రో గుండా మధ్యధరా సముద్రానికి పోతున్నట్టు. కొండ అడుగున అవతలి వైపుకు దాటి ఆరన్ లోయలో తేలితే గారోన్‌లో కలిసి అట్లాంటిక్‌కు పోతున్నట్టు. దశాబ్దాల తరబడి వాదన నడిచింది. అంతకుముందు చేసిన ప్రయత్నం తేల్చలేకపోయింది. పైగా స్పెయిన్ వైపు ఆ నీటిని విద్యుత్తు కోసం మళ్ళించాలన్న ఆలోచన ఒకటి వచ్చింది. ఆ నీరు గారోన్‌ది అయితే ఫ్రాన్సులో కింద ఉన్న పొలాలకూ ఊళ్ళకూ దెబ్బ.

1931 జులైలో కాస్తరే 60 కిలోల ఫ్లోరెసిన్‌ను ఆ గుంట దాకా మోయించి నీళ్ళలో కలిపారు. అది నీటిని పచ్చగా మెరిసేలా చేసే రంగు, విషం కాదు, కొంచెం కలిస్తేనే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆరన్ లోయలో గ్వేల్ దె జువెవు అనే ఊట దగ్గర నీళ్ళు పచ్చగా మారాయి. అంటే ఆ నీళ్ళు రెండు సముద్రాల మధ్య ఉన్న కొండ గట్టును అడుగు నుంచి దాటి వస్తున్నాయి. పైన మ్యాపులో గీసిన పరీవాహక ప్రాంతపు గీతకు కింద నీటితో పని లేదని అంత స్పష్టంగా చూపిన పరీక్షలు తక్కువ. మళ్ళింపు ఆలోచన ఆగింది.

ఆయన తోడు తీసుకుపోయింది ఇంటి మనుషులనే. ప్రభుత్వం పంపిన బృందం కాదు. ఒక నది తన నీళ్ళు తాను దక్కించుకుందంటే అందులో ఒక ఔత్సాహికుడి చెయ్యి ఉంది. మహానంది కోనేటి దగ్గర నిలబడిన ప్రతి మనిషీ ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడుగుతాడు. ఆ ప్రశ్నను పట్టుకుని అరవై కిలోల రంగు కొండ మీదికి మోసేదాకా పోవడమే ఆయన ప్రత్యేకత.

---

తులూజ్ తెలుగు | అక్టోబరు 20, మధ్యాహ్నం 12:15

కాలువ గట్టు గారూ, ఇంత చక్కగా నేను రాయలేకపోయేవాణ్ణి. ధన్యవాదాలు. ఇక్కడ గారోన్ మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో పారుతుంది.

---

కృష్ణవేణి తీరం | అక్టోబరు 20, సాయంత్రం 6:48

“తోడు తీసుకుపోయింది ఇంటి మనుషులనే” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఇంటి మనుషులెవరో కాస్త చెప్పుకోవద్దా?

ఎలిజబెత్ కాస్తరే ఆయన భార్య. 1924లో పెళ్ళయింది. ఆ తర్వాతి పెద్ద అన్వేషణల్లో చాలావాటిలో ఆమె ఆయన పక్కనే ఉంది. 1926లో స్పెయిన్ వైపు కొండల్లో 2,700 మీటర్ల ఎత్తున మంచు గుహ కనిపెట్టినప్పుడు బృందంలో ఉన్నది కాస్తరే, ఎలిజబెత్, తమ్ముడు మార్షియల్, తల్లి. అవును, తల్లి! లోపల గడ్డకట్టిన సరస్సు, మంచు స్తంభాలు. సరైన పరికరాలు లేకుండా, కొవ్వొత్తులు పట్టుకుని ఆ మంచు మీద నడిచారు. ఇప్పుడు ఆ గుహను కాస్తరే గుహ అంటారు. 1932లో లబాస్తీద్ గుహలో మాగ్దలేనియన్ కాలపు గుర్రాలూ, నోరు తెరిచిన సింహం తలా దొరికాయి. 1933లో మార్తెల్ అగాధం, 303 మీటర్లు. అప్పటికి ఫ్రాన్సులో అంతకన్నా లోతైనది తెలియదు. ఎలిజబెత్ తాడు నిచ్చెనల మీద దిగింది, నీటి జలపాతాల కింద తడిసింది. ఇద్దరూ కలిసి గబ్బిలాలకు గుర్తు పట్టీలు కట్టి, దూరం తీసుకుపోయి వదిలి, ఎన్ని తిరిగి తమ గుహకే వస్తాయో చూశారు. ఇవన్నీ చేస్తూనే పిల్లలను కని పెంచింది.

1940లో ప్రసవం తర్వాత చనిపోయింది. పాతాళం దాకా దిగి ఎక్కిన మనిషి, ఇంట్లో పురిటి మంచం మీద. నాకు ఈ సంగతి తెలిసిన రోజున మనసు మనసులో లేదు.

కాస్తరేని తలుచుకుందాం, తప్పకుండా. కానీ గుహకు ఒకరి పేరే పెట్టినా దిగింది ఇద్దరు. దారం శీర్షికలో ఆమె పేరు కూడా చేర్చమని నిర్వాహకులను కోరుతున్నాను.

---

నల్లమల నడక | అక్టోబరు 20, రాత్రి 9:02

కృష్ణవేణి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. పిల్లలు కూడా పెద్దయ్యాక తండ్రితో గుహల్లోకి దిగారని చదివాను. 1950లో కుమార్తెలను వెంటబెట్టుకుని అదే మంచు గుహకు మళ్ళీ వెళ్ళారట.

---

బేతంచెర్ల మాస్టారు | అక్టోబరు 21, ఉదయం 7:30

అమ్మా కృష్ణవేణీ, బాగా చెప్పావు.

మార్సెల్ లూబెన్స్ పేరు కూడా ఈ దారంలో ఉండాలి. కాస్తరే దగ్గర ఆరితేరిన యువకుడు. 1952 ఆగస్టులో, ఫ్రాన్సు-స్పెయిన్ సరిహద్దులో ఉన్న పియెర్ సేన్‌-మార్తేన్ అగాధంలో, మూడు వందల మీటర్లకు పైగా నిట్టనిలువుగా ఉన్న బిలంలోకి ఉక్కు తీగ మీద దిగారు. పని ముగించుకుని పైకి వస్తుంటే, నడుముకు కట్టిన పట్టీని తీగకు కలిపే బిగింపు ఊడింది. రాళ్ళ మీద పడ్డారు. వైద్యుడు ప్రాణాలకు తెగించి అదే తీగ మీద దిగి చికిత్స చేశాడు. ఫలితం లేకపోయింది. శవాన్ని పైకి తేవడం సాధ్యం కాక అడుగునే రాళ్ళ కింద ఉంచారు. రెండేళ్ళ తర్వాత, 1954లో, బయటికి తెచ్చి ఇంటివాళ్ళకు అప్పగించారు. కాస్తరే ఆ రెండు సందర్భాల్లోనూ అక్కడ ఉన్నారు.

ఒక చిన్న బిగింపు. అంతే. నేను మొన్న కఠినంగా మాట్లాడానని ఎవరైనా అనుకుంటే, ఆ మాటల వెనక ఉన్నది ఈ కథ.

---

తులూజ్ తెలుగు | అక్టోబరు 21, ఉదయం 9:40

మాస్టారూ, లూబెన్స్ గురించి మీరు రాయడం నాకు ఎంతో నచ్చింది. కాస్తరే తన శిష్యుడిని చివరిదాకా మర్చిపోలేదు. 1954లో ఆ శవాన్ని పైకి తెచ్చిన పని పెద్ద బృందం చేసింది. ఒంటరి ఈతగాడుగా మొదలైన మనిషి యాభైల నాటికి ఇంజినీర్లు, వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి దిగే యాత్రల్లో పెద్దమనిషి అయ్యారు. గుహాన్వేషణే ఆ ముప్పై ఏళ్ళలో అలా మారింది.

---

చీకట్లో చిరుదీపం | అక్టోబరు 21, మధ్యాహ్నం 3:15

కొత్త సభ్యురాలిని. డిగ్రీ చదువుతున్నాను, మాది నంద్యాల జిల్లా. ఈ దారం మొదటి నుంచి చదివాను. నాకు ఒకటే సందేహం. ఫ్రాన్సులో మట్టి ఎలుగుబంటి దొరికింది సరే, మన గుహల్లో అలాంటివేమీ దొరకలేదా? మనవాళ్ళెవరూ వెతకలేదా?

---

శిలాజాలు | అక్టోబరు 21, రాత్రి 8:20

తల్లీ, వెతికారు, దొరికాయి. మీ జిల్లాలోనే.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి కదా. న్యూబోల్డ్ అనే మద్రాసు సైన్యం అధికారి అక్కడ ఎముకలు ఉన్నాయని 1844లో రాశాడు. ఆయన కూడా వృత్తిరీత్యా సైనికుడు, మక్కువ కొద్దీ రాళ్ళ వెంట తిరిగిన మనిషి. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అప్పటి మద్రాసు గవర్నరుకు ఆ గుహలు తవ్విస్తే బాగుంటుందని సూచించాడు. దాంతో 1884లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, ఈ దేశంలో ఆదిమానవుడి చరిత్రకు తలుపు తీసిన మనిషి ఆయనే. ఆయనకు జీతం ఇచ్చింది రాళ్ళ సర్వే కోసం. రాతి పనిముట్లు ఏరింది సొంత ఆసక్తితో. బిల్లసర్గంలో తవ్వకం చాలావరకు ఆయన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ బ్రూస్ ఫుట్ చేతుల మీదుగా నడిచింది. బెలుం గుహల గురించి లిఖితంగా మొదట నమోదు చేసింది కూడా రాబర్ట్ ఫుటే, అదే 1884లో.

బిల్లసర్గంలో బయటపడిన ఎముకలను శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. అందులో ఖడ్గమృగం ఉంది! దానికి మీ కర్నూలు పేరు మీదనే రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఈరోజు ఆ ఎండల్లో నిలబడి ఒకప్పుడు ఇక్కడ ఖడ్గమృగాలు తిరిగాయంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఎముక అబద్ధం చెప్పదు. చెక్కిన ఎముక పనిముట్లు అని ఫుట్ చెప్పిన వాటిలో ఎన్ని మనిషి చేసినవన్న దానిపై తర్వాత సందేహాలు వచ్చాయి. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గారు ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి, రాతి పనిముట్లతో పాటు ఎముక పనిముట్లను పొరల్లో వాటి స్థానంతో సహా నమోదు చేశాక, కర్నూలు గుహల్లో పాత రాతియుగపు చివరి దశ మనుషులు ఉన్నారన్నది గట్టిపడింది.

మట్టి బొమ్మలు మన దగ్గర దొరకలేదు. వాతావరణం వేరు. మోంతెస్పాన్ లోపల ఏడాది పొడవునా చల్లదనం, తడి ఒకేలా ఉంటాయి, పైగా నీళ్ళే తలుపు వేసి కాపాడాయి. వేల ఏళ్ళు ఎవరూ లోపలికి పోలేదు కాబట్టే మెత్తటి మట్టి బొమ్మ నిలిచింది.

---

కాలువ గట్టు | అక్టోబరు 21, రాత్రి 10:05

అలా నిలిచిన బొమ్మ మనుషులు పోవడం మొదలుపెట్టాక ఏమైంది? అదే నా బెంగ.

---

శిలాజాలు | అక్టోబరు 22, ఉదయం 6:50

సరైన ప్రశ్న. మోంతెస్పాన్‌లోకి ప్రజలను అనుమతించరు. బొమ్మలు కనిపెట్టిన తర్వాతి దశాబ్దాల్లో దెబ్బతిన్నాయి. ఫ్రాన్సులోనే, గోడల మీద ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ ఇంకా పెద్ద గుణపాఠం. 1940లో కనిపెట్టారు, యుద్ధం తర్వాత జనానికి తెరిచారు. వచ్చిన వాళ్ళ ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు, లోపల పెట్టిన దీపాల వల్ల గోడల మీద నాచు పెరిగింది. 1963లో మూసేశారు. బెగూఎన్ కుటుంబం త్యూక్ దోదుబేర్‌లోకి మొదటి నుంచీ అతి కొద్దిమందినే పోనిచ్చింది. అందుకే అక్కడి మట్టి బైసన్లు, నేల మీది పాత మడమ గుర్తులు ఈనాటికీ అలాగే ఉన్నాయి. తాళం వేసిన వాళ్ళ మీద అప్పట్లో కోపగించుకున్న వాళ్ళు ఉండి ఉంటారు. నేను మాత్రం ఆ తాళానికి దండం పెడతాను.

మన కర్నూలు గుహలకు ఊపిరి కన్నా గనులతో ముప్పు ఎక్కువ. ఎముక ఉన్న పొర ఒక్కసారి లారీలోకి ఎక్కితే దాన్ని తిరిగి తేలేం.

---

చీకట్లో చిరుదీపం | అక్టోబరు 22, ఉదయం 10:30

చాలా ధన్యవాదాలు అండి. ఖడ్గమృగం సంగతి మా నాన్నకు చెబితే రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. మా తాతగారి పొలం పక్కన గట్టులో చిన్న గవి ఉంది. ముందు భాగంలో మేకలు కడతారు. వెనక వైపు మట్టి ఒరుసుకుపోయిన చోట ఎముకల్లాంటివి గోడలో ఇరుక్కుని కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, ఎవరూ పట్టించుకోలేదు. అవి మేకలవో ఇంకేవో తెలియదు. ఏం చేయాలి?

---

శిలాజాలు | అక్టోబరు 22, ఉదయం 11:05

ఏమీ పెరకకండి. ఇది మొదటి మాట, ఆఖరి మాట. గోడలో గట్టిగా అతుక్కుని, పైన సున్నపు పొర కట్టి ఉంటే పాతవి అయ్యే అవకాశం ఉంది. పగటి వెలుగు పడే చోటు దాకానే వెళ్ళండి. పక్కన స్కేలు గానీ పెన్ను గానీ పెట్టి, ఎంత పెద్దవో తెలిసేలా ఫొటో తీయండి. దూరం నుంచి గవి మొత్తం కనిపించేలా ఇంకోటి తీయండి. ఏ మూల, నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో కాగితం మీద బొమ్మ గీయండి. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో పురావస్తు లేదా భూగర్భ శాస్త్ర విభాగానికి కూడా అదే ప్రతి పంపండి. ఫొటోలు ఇక్కడ పెట్టవచ్చు గానీ ఊరి పేరు, పొలం గుర్తులు మాత్రం బయటపెట్టకండి. చదివేవాళ్ళందరూ మంచివాళ్ళే అని చెప్పలేం.

---

బేతంచెర్ల మాస్టారు | అక్టోబరు 22, మధ్యాహ్నం 12:40

అమ్మాయీ, ఒంటరిగా మాత్రం పోవద్దు. మీ నాన్నగారిని, ఇంకొకరిని తోడు తీసుకుపో. వాన పడే సూచన ఉంటే ఆ రోజు మానెయ్. ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే నాకు ఇక్కడే వ్యక్తిగత సందేశం పెట్టు, పాత పద్ధతిలో శుభ్రంగా రాసిస్తాను.

---

నిర్వాహకులు | అక్టోబరు 22, సాయంత్రం 5:00

కృష్ణవేణి తీరం గారి కోరిక మేరకు, దారం పట్టికలో ఈ చర్చను “నోర్బేర్, ఎలిజబెత్ కాస్తరే” పేరుతో ఉంచాం. గుహల స్థలాల వివరాలు బహిరంగంగా రాయవద్దన్న శిలాజాలు గారి సూచనను సభ్యులందరూ పాటించగలరు.

---

తులూజ్ తెలుగు | అక్టోబరు 22, రాత్రి 11:20

నిర్వాహకులకు కృతజ్ఞతలు. చిరుదీపం గారూ, ఫొటోలు తీశాక తప్పకుండా తెలియజేయండి, నేను కూడా వేచి ఉంటాను. ఈలోగా లబాస్తీద్ గుహలోని చెక్కుడు బొమ్మల గురించి ఫ్రెంచిలో ఉన్న సమాచారం చదివి, తెలుగులో రాసి, వచ్చే ఆదివారం ఇదే దారంలో పెడతాను. ఎలిజబెత్ పాత్ర గురించి అందులో ఏమున్నా మొదట అదే రాస్తాను.